పదివేల గంటల ఇంజిన్

లారీకి కిలోమీటర్లు, ట్రాక్టరుకి గంటలు. మొవ్వ, కూచిపూడి, నిడుమోలు చుట్టుపక్కల ఏ ఇంటి ముందు ఆగి ఉన్న పాత ట్రాక్టరు మీటరు చూసినా ఆరు వేలో ఎనిమిది వేలో కనిపిస్తుంది. లేదంటే కేబుల్ తెగి ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. గంటకి 50 కిలోమీటర్ల చొప్పున రోడ్డు మీద పరుగెత్తే బండికైతే ఎనిమిది వేల గంటలంటే నాలుగు లక్షల కిలోమీటర్లు. అయితే ఇవి రోడ్డు గంటలు కావు. నల్లరేగడిలో మోకాలి లోతు బురద, వెనక దమ్ము చక్రాలు, ఫుల్ రేజింగు, మనిషి నడిచే వేగం. ఎదురుగాలి తగలదు కాబట్టి ఇంజిన్‌ని చల్లబరిచే బరువంతా ఆ ఒక్క ఫ్యాను మీదే పడుతుంది.

ఖర్చుల లెక్కలు కట్టే వ్యవసాయ ఇంజనీర్లు ట్రాక్టరు ఆయుష్షు మామూలుగా 10,000 గంటలని వేసుకుంటారు. మన ఊళ్ళలో అది దాటినవీ ఉన్నాయి, నాలుగు వేలకే బోరు పనికి వచ్చినవీ ఉన్నాయి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే నేలలో తిరిగినవి కావచ్చు. తేడా యజమాని దగ్గర ఉంది. ఇంజిన్ని చంపేవి మూడు: లోపలికి వెళ్ళిన దుమ్ము, వెళ్ళకూడని చోటికి వెళ్ళిన నీళ్ళు, తట్టుకోలేనంత వేడి. మన కృష్ణా డెల్టాలో ఇవి ఏ నెలలో, ఏ దారిన వస్తాయో తెలుసుకుని, రోజుకి పది నిమిషాలు కేటాయించే మనిషికి ఉపయోగపడాలని ఈ అధ్యాయం రాస్తున్నాను. మెకానిక్ చెయ్యాల్సిన పని మెకానిక్‌దే. మీరు చెయ్యాల్సింది మాత్రం ఆయన చెయ్యలేడు.

మొదట దుమ్ము సంగతి. దమ్ము సీజన్లోనే ట్రాక్టరు పాడవుతుందని చాలామంది నమ్మకం. గేరుబాక్సు, హబ్బు బేరింగులు, బ్రేకుల వరకూ అది నిజమే. ఇంజిన్ బోరు అరిగేది మాత్రం ఎక్కువగా పొడి నెలల్లోనే. కార్తీక మార్గశిరాల్లో వరికోత మిషను వెనక గడ్డి ఎత్తేటప్పుడు, మినుము నూర్చేటప్పుడు, అన్నిటికంటే ముఖ్యంగా ఎండాకాలంలో మెరక తోలేటప్పుడు. మనది పల్లపు ప్రాంతం. ఇల్లు కట్టాలన్నా, కొట్టం వెయ్యాలన్నా ముందు మట్టి తోలి మెరక చెయ్యాల్సిందే. ఏప్రిల్, మే నెలల్లో ముందు ట్రక్కు లేపిన దుమ్ములోనే వెనక ట్రాక్టరు రోజంతా ఊపిరి తీస్తుంది. ఆ దుమ్ములో ఉండే సన్నటి ఇసుక నూనెతో కలిసి రింగులకీ లైనరుకీ మధ్య చేరిందంటే ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే.

పాత ట్రాక్టర్లలో చాలావాటికి ఉండేది ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరు. కింద గిన్నెలో నూనె ఉంటుంది, పీల్చిన గాలి దాని మీదుగా వెళ్ళి జాలీలోకి పోతుంది, దుమ్ము నూనెలో దిగిపోతుంది. మెరక తోలే రోజుల్లో ఈ గిన్నెని ప్రతి ఉదయం విప్పి చూడాలి. అడుగున సెంటీమీటరు మడ్డి పేరుకుంటే నూనె పారబోసి, గిన్నె డీజిల్‌తో కడిగి, కొత్త నూనె గీత వరకూ పొయ్యాలి. గీత దాటి పోస్తే ఆ నూనెని ఇంజిన్ పీల్చేస్తుంది, నీలం పొగ వస్తుంది. చూసినవాళ్ళు రింగులు పోయాయని భయపెడతారు. పొడి ఫిల్టరు ఉన్న ట్రాక్టరైతే దాన్ని టైరుకేసి కొట్టకండి. కాగితం చిరిగిందంటే ఫిల్టరు లేనట్టే లెక్క. లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో గాలి కొట్టాలి. లోపల ఉండే చిన్న ఫిల్టరుని కడగకూడదు, దులపకూడదు, కాలం తీరాక మార్చెయ్యాలి.

గిన్నె ఎంత శుభ్రంగా ఉన్నా ఒక దొంగదారి మిగిలే ఉంటుంది. క్లీనరు నుంచి మ్యానిఫోల్డుకి వెళ్ళే రబ్బరు గొట్టం ఎండకి పగులుతుంది, క్లిప్పులు వదులవుతాయి. పైకి ఏమీ కనపడదు. నెలకోసారి ఆ గొట్టాన్ని ఇంజిన్ వైపు ఊడదీసి, తెల్లటి పాత పంచె ముక్క వేలికి చుట్టి లోపల తిప్పండి. నూనె చెమ్మ అంటితే కంగారు లేదు. వేళ్ళతో నలిపితే గరగర తగిలే మట్టి అంటితే ఆ క్షణం నుంచి ఆ ట్రాక్టరు కదలకూడదు. ఇన్ని పనుల్లో ఏదో ఒక్కటే చేస్తామంటే ఇది చెయ్యండి.

ఇక నీళ్ళూ వేడీ. వీటిని విడదీసి చెప్పలేను.

ప్రకాశం బ్యారేజీ నుంచి కాలవకి నీళ్ళు వదిలారంటే అందరి చేలకీ ఒకేసారి దమ్ము కావాలి. ఇద్దరు డ్రైవర్లు వంతులేసుకుని రాత్రింబవళ్ళు నడుపుతారు. మన వైపు నాట్లు అయ్యాక ట్రాక్టర్లు దివిసీమ శివారు ఊళ్ళకి, కోడూరు, నాగాయలంక వైపు పోతాయి. ఆ రోజుల్లో రేడియేటర్లో నీళ్ళు తగ్గితే దగ్గర్లో ఏ బోరు ఉంటే దాని నీళ్ళు పోసేస్తారు. సముద్రం దగ్గర పడేకొద్దీ భూగర్భ జలం ఉప్పగా ఉంటుందని మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. బందరు వ్యవసాయ పరిశోధనా స్థానం పనిగట్టుకుని చౌడును తట్టుకునే వరి రకాలు తయారు చేసిందంటేనే ఇక్కడి నేల తీరు అర్థమవుతుంది. వరికి అలాంటి రకం దొరికింది. ఇంజిన్‌కి మాత్రం లేదు. ఉప్పునీళ్ళు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో, హెడ్డు లోపలి దారుల్లో పెచ్చు కడుతుంది, వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది, ఇనుము తుప్పు పడుతుంది.

చాలామందికి తెలియని నష్టం ఇంకోటి ఉంది. మన ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి లైనరు చుట్టూ నీళ్ళు తిరుగుతాయి. లోపల డీజిల్ మండిన ప్రతిసారీ లైనరు సన్నగా అదురుతుంది. ఆ అదురుకి నీళ్ళలో కంటికి కనపడనంత చిన్న బుడగలు పుట్టి, లైనరు గోడ మీదే పగులుతాయి. పగిలినప్పుడల్లా ఇనుమును కాస్త కొరుకుతాయి. వేల గంటల తర్వాత లైనరు బయటి వైపు సూదిమొన పొడిచినట్టు గుంటలు పడతాయి. అందులో ఒక్కటి లోపలిదాకా పోయినా నీళ్ళు ఆయిల్లోకి దిగుతాయి. కూలెంటులో ఉండే రసాయనాలు గోడ మీద పలచటి పొర కట్టి ఈ కొరుకుడుని ఆపుతాయి. "మనకి మంచు కురవదుగా, కూలెంటెందుకు" అనే మాట ప్రతి షెడ్డులోనూ వింటాం. నీళ్ళు గడ్డకట్టకుండా ఉంచడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. తుప్పునీ ఈ గుంటల్నీ ఆపే పని మంచు కురవని ఊళ్ళో కూడా ఉంటుంది. కంపెనీ పుస్తకంలో చెప్పిన కూలెంటు, చెప్పిన పాళ్ళలో, బ్యాటరీకి పోసే నీళ్ళలో కలిపి పొయ్యండి. అవి దొరక్కపోతే వాన నీళ్ళు, అవీ లేకపోతే ఊరి మినరల్ వాటర్ ప్లాంటు నీళ్ళు. శివారు ఊళ్ళకి వెళ్ళేటప్పుడు ఒక క్యాను నిండా కలిపి ట్రాక్టరు మీద పెట్టుకోండి.

వేడెక్కినప్పుడు మన వైపు మెకానిక్కులు చేసే మొదటి పని థర్మోస్టాట్ పీకి పారెయ్యడం. నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. నీళ్ళు 80 డిగ్రీల చుట్టుపక్కలకి వచ్చేదాకా రేడియేటర్ వైపు దారి తెరవకుండా ఆపి, ఇంజిన్‌ని త్వరగా పని వేడికి తెచ్చేది అదే. అది లేని ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే నడుస్తుంది. చల్లటి ఇంజిన్లో డీజిల్ పూర్తిగా మండదు. మండని డీజిల్ లైనరు గోడ మీది నూనెని కడిగేసి ఆయిల్లోకి దిగుతుంది. వేడి సమస్య తీరినట్టు కనిపిస్తుంది, రింగులు మాత్రం ఇంకా వేగంగా అరుగుతుంటాయి. వేడెక్కడానికి అసలు కారణాలు వేరే ఉంటాయి. రేడియేటర్ రెక్కల్లో గడ్డి నుసి, బురద పట్టడం, ఫ్యాను బెల్టు జారడం, క్యాపు రబ్బరు పోవడం. నుసి వదలాలంటే ఫ్యాను వైపు నుంచి బయటికి, రెక్కలు వంగనంత మెల్లగా నీళ్ళు కొట్టాలి. ఎదురు కొడితే నుసి ఇంకా లోపలికి బిగుసుకుంటుంది.

ముల్లు ఎర్ర గీతలోకి వెళ్తే బరువు తగ్గించి, నీళ్ళు, బెల్టు సరిగ్గా ఉంటే కొన్ని నిమిషాలు స్లోలో తిరగనివ్వండి. నీళ్ళే లేకపోతే, బెల్టే తెగితే వెంటనే ఆపెయ్యండి. క్యాపు తియ్యొద్దు. చన్నీళ్ళు అసలే పొయ్యొద్దు. కాలిన హెడ్డు మీద చన్నీళ్ళు పడితే హెడ్డు చీలుతుంది. గంట ఆగితే పోయేది ఒక గంట దమ్ము మాత్రమే.

దమ్ము గురించి మరో రెండు మాటలు. నల్లపొగ ఎత్తుకుంటుంటే ఇంజిన్ మొయ్యలేకపోతోందని అర్థం. ఒక గేరు దించండి. పొగ చూస్తూ కూడా పంపు సీలు తెంచి డీజిల్ ఎక్కువ పెట్టించే అలవాటు కొంతమందికి ఉంది. ఆ బలం పిస్టన్ నెత్తిని కాల్చి తెచ్చుకున్న బలం. క్లచ్ హౌసింగు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. దమ్ముకి దిగే ముందు దానికి బోల్టు బిగించాలి, సీజను అయ్యాక తియ్యాలి. బిగించకపోతే బురద నీళ్ళు క్లచ్‌లోకి వెళ్తాయి. తియ్యకపోతే కారిన ఆయిలు లోపలే నిలిచి క్లచ్ ప్లేట్లని తడుపుతుంది. మధ్యప్రదేశ్‌లోని బుద్ని పరీక్షా కేంద్రంలో ట్రాక్టర్లని బురదలో కూడా నడిపించి పరీక్షిస్తారు. పరీక్షలయ్యాక ఇంజిన్ విప్పి లైనర్లు, రింగుల అరుగుదల కొలుస్తారు. బురద ఎంత కఠిన పరీక్షో వాళ్ళకి తెలుసు.

ఇంజిన్‌కి సంబంధం లేకపోయినా ఈ మాట చెప్పకుండా ముందుకి పోలేను. ఊబిలో దిగబడిన ట్రాక్టరు వెనక చక్రాలకి దుంగ కట్టి ముందుకి లాగకండి. చక్రం తిరగలేక ముందు భాగం గాల్లోకి లేచి డ్రైవరు మీద పడుతుంది. ప్రాణాలు పోతాయి. ఇంకో ట్రాక్టరు వచ్చేదాకా ఆగండి.

ఆయిల్ విషయానికి వస్తే, 250 గంటలకోసారి ఆయిలూ ఫిల్టరూ మార్చాలని పాత ట్రాక్టర్ల పుస్తకాలు ఎక్కువగా చెబుతాయి. మీ పుస్తకం ఏం చెబితే అదే పాటించండి, దమ్ము సీజన్లో కాస్త ముందే మార్చండి. ఇక్కడ మీటరు కిటుకు ఒకటుంది. పాత ట్రాక్టరు మీటరు ఇంజిన్ చుట్లని లెక్కపెడుతుంది. కంపెనీ పెట్టిన వేగంలో తిరిగినప్పుడే మీటరు గంట, గడియారం గంట ఒకటవుతాయి. స్లోలో నిలబెట్టిన సమయం తక్కువగా పడుతుంది. ఎక్కువసేపు స్లోలో నడిచే పనులుంటే మీటరుని మాత్రమే నమ్ముకోకండి.

పామర్రు రోడ్డు పక్కన ఒక షెడ్డులో ఈ మధ్య విన్న సంభాషణ ఇది. కుర్రాడు ట్రాక్టరు దిగుతూనే అన్నాడు.

"బాబాయ్, ఆయిలు అస్సలు తగ్గట్లేదు. పోసి రెండు నెలలైంది, గీత మీదే ఉంది. ఇంజిన్ భలే ఉంది."

"మొన్న ఎక్కడుంది?"

"మొన్నా గీత మీదే... కాదు, కొంచెం కిందుంది."

"మరి పైకెలా వచ్చిందిరా అబ్బాయ్? నువ్వేమన్నా పోశావా?"

"లేదు."

పెద్దాయన డిప్ స్టిక్ తీసి, కొసన ఉన్న చుక్కని రెండు వేళ్ళ మధ్య సాగదీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. డీజిల్ వాసన. ఆయిలు పలచబడి నీళ్ళలా జారుతోంది. డీజిల్ ఎత్తిపోసే చిన్న పంపు పొర చిరిగి, డీజిల్ ఆయిల్లోకి కారుతోందని తేలింది. చిన్న సామానుతో పోయింది. ఇంకో వారం నడిపితే బేరింగులు పోయేవి.

ఆయిలు తగ్గితే ఎక్కడికి పోతోందో వెతకాలి. పెరిగితే ఆ రోజు పని ఆపెయ్యాలి. అందులోకి డీజిలన్నా దిగాలి, నీళ్ళన్నా దిగాలి. నీళ్ళైతే పాలు కలిపిన టీ రంగు వస్తుంది. ఆయిలు చూసేది పొద్దున్నే, చదునైన చోట, ఇంజిన్ తిప్పకముందే.

డీజిల్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. పని అయ్యాక సాయంత్రమే ట్యాంకు నింపితే రాత్రి చల్లదనానికి లోపల చెమ్మ పట్టదు. గాజు గిన్నెలో అడుగున నీళ్ళు కనిపిస్తే పొద్దున్నే వదిలెయ్యండి. రెండు ఫిల్టర్లుంటే మొదటిది మార్చిన రెండోసారి రెండోది కూడా మార్చాలి. 2023 జనవరి నుంచి 50 హార్స్ పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకి కఠినమైన పొగ నిబంధనలు వచ్చి, కామన్ రైల్ ఇంజిన్లు మన చేలలోకి దిగాయి. పాత పంపు కాస్త మురికిని భరించేది, ఇవి భరించవు. వాటికి చేను గట్టున డబ్బాలో దాచిన డీజిల్ పొయ్యొద్దు.

పొడవాటి నోటు పుస్తకం ఒకటి కొనండి, దానికి పెన్ను దారంతో కట్టండి. ప్రతి సాయంత్రం మీటరు అంకె, పోసిన డీజిల్, కలిపిన ఆయిలు, కలిపిన నీళ్ళు, ఆ రోజు పని. ఇంతే. పది గంటల దమ్ముకి 45 లీటర్లు తాగే బండి ఒక వారం 55 తాగితే పుస్తకమే మీకు చెబుతుంది. నెలకి అర లీటరు నీళ్ళు కలిపేవాళ్ళు వారానికి లీటరు కలపాల్సి వస్తే, నీళ్ళు బయట కారకుండా ఎక్కడికి పోతున్నాయని ఆ పుస్తకమే అడుగుతుంది. ఇద్దరు డ్రైవర్లున్న చోట ఇది ఇంకా ముఖ్యం. ఒకడు ఆయిలు పోశాడో లేదో ఇంకొకడికి తెలియక ఇంజిన్లు పోయిన సందర్భాలున్నాయి. చదువురాని డ్రైవరైతే అంకెలు మీరే రాయండి. అడిగి రాయించుకోవడం నామోషీ అనుకునే యజమాని కింద ఏ ఇంజిన్ కలకాలం నడవదు.

సెకండ్ హ్యాండులో కొనేవాళ్ళకి కూడా ఇదే దారి. మీటరు అంకెని నమ్మకండి, బండిని చల్లగా ఉన్నప్పుడు చూపించమనండి. ముందే స్టార్టు చేసి వెచ్చబెట్టి ఉంచారంటే దాచడానికేదో ఉంది. చల్లటి ఇంజిన్ మొదటి నిమిషంలో వదిలే పొగ, దాని మనసులో మాట. తెల్లపొగ రెండు నిమిషాల్లో తగ్గిపోతే పరవాలేదు, వెచ్చబడ్డాక కూడా వస్తుంటే నీళ్ళ అనుమానం. నీలం పొగ ఆయిల్‌ది. తర్వాత ఆయిలు పోసే మూత తీసి పక్కకి జరపండి. సన్నటి ఆవిరి మెల్లగా లేస్తే మామూలే. దడదడా కొట్టుకుంటూ పొగ చిమ్మితే రింగులు గాలి వదిలేస్తున్నాయి, బోరు పని ఖర్చు బేరంలోంచి తీసెయ్యండి. రేడియేటర్ క్యాపుని స్టార్టు చెయ్యకముందే తీసి, స్టార్టు చేశాక బుడగలు వరసగా వస్తున్నాయేమో చూడండి. వస్తుంటే గాస్కెట్టో హెడ్డో పోయింది.

వరద సంగతి మన ప్రాంతంలో ఎవరూ విడిచిపెట్టలేరు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. కృష్ణ లంకల్లోనూ, బుడమేరు ముంచిన విజయవాడ వీధుల్లోనూ బండ్లు నీళ్ళలో నిలబడిపోయాయి. నీళ్ళు తగ్గాక ఆత్రంగా తాళం తిప్పడం వల్ల ఎన్నో ఇంజిన్లు పోతాయి. డీజిల్ ఇంజిన్ గాలిని పదహారు పదిహేడో వంతుకి నొక్కుతుంది. గాలి నలుగుతుంది, నీళ్ళు నలగవు. సిలిండరులో నీళ్ళుండగా స్టార్టరు తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మునిగిన ఇంజిన్‌కి ముందు బ్యాటరీ తీగ ఊడదియ్యండి. ఎయిర్ క్లీనరు విప్పి చూడండి, అక్కడ నీళ్ళుంటే లోపల కూడా ఉన్నట్టే అనుకోండి. ఆయిలు, ఫిల్టర్లు, ట్యాంకులో డీజిల్ అన్నీ వదిలెయ్యండి. నాజిళ్ళు తీయించి, ఇంజిన్‌ని చేత్తో తిప్పించి నీళ్ళు బయటికి చిమ్మించాలి. గేరుబాక్సు, వెనక యాక్సిల్ ఆయిలు కూడా మార్చాలి. తిప్పని ఇంజిన్ మునిగినా చాలావరకూ బతుకుతుంది, కానీ రోజులు గడిస్తే తుప్పు పడుతుంది కాబట్టి మెకానిక్ కోసం ఆ వారంలోనే వరసలో నిలబడండి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు సైలెన్సరు గొట్టం మీద డబ్బా బోర్లించడం మరిచిపోకండి. నిలువు గొట్టంలోంచి వాన నేరుగా ఇంజిన్లోకే దిగుతుంది.

ఇంజిన్ ఎప్పుడు విప్పాలి? నడుస్తున్నదాన్ని ఊరికే విప్పకూడదు. పొగ, ఆయిలు ఖర్చు, మూత దగ్గర ఊపిరి, చల్లగా ఉన్నప్పుడు స్టార్టవడానికి పెట్టే పేచీ, ఈ నాలుగూ కలిసి కనిపిస్తే అప్పుడు విప్పాలి. ఒక్క పొగ చూసి దించేస్తే నాజిళ్ళు మార్చి సరిపెట్టాల్సిన దానికి లైనర్లు మార్చుకుంటారు. విప్పడమంటూ జరిగితే మాత్రం ఎండాకాలంలోనే, ఏప్రిల్లోనే చేయించండి. క్రాంకు గ్రైండింగు, పంపు సెట్టింగు విజయవాడ ఆటోనగర్‌కి వెళ్తే దొరుకుతాయి. అక్కడ గంటసేపు నిలబడి క్రాంకుని మైక్రోమీటరుతో కొలిచేటప్పుడు చూడండి. కొలత కాగితం మీద రాయించుకోండి. తీసేసిన పాత లైనర్లు, బేరింగులు ఇంటికి తెచ్చుకోండి. లైనరు బయటి వైపు గుంటలున్నాయో, బేరింగు మీద గీతలున్నాయో చూస్తే ఇన్నేళ్ళూ మీ ఇంజిన్‌ని ఏది తిన్నదో అక్కడే కనిపిస్తుంది.

కొత్త లైనర్లు, రింగులు వేశాక ఇంజిన్‌ని గంటల తరబడి స్లోలో తిప్పితే రింగులు కూర్చోవు. లైనరు గోడ నున్నబడిపోయి ఆయిలు తాగే బండి అవుతుంది. నేరుగా దమ్ముకి దించితే అతిగా వేడెక్కి రింగులు పట్టేస్తాయి. మొదటి 50 గంటలూ సగం బరువు ట్రక్కు, తేలిక దుక్కి, రేజింగు మారుస్తూ నడపాలి. 50 నిండగానే ఆయిలు, ఫిల్టరు మార్చేసి, కంపెనీ చెప్పిన ఇంజినైతే హెడ్డు బోల్టులు మళ్ళీ బిగింపు చూసి, ట్యాపెట్లు సరిచేయించాలి. ఏప్రిల్లో దించిన ఇంజిన్‌కి ఈ 50 గంటలూ మే చివరికి నిండుతాయి. జూన్‌లో కాలవకి నీళ్ళొచ్చేసరికి పుస్తకంలో ఆ పేజీ రాసి ఉండాలి.